మూకీ బొమ్మలో అన్న మాట

ఆక్రన్, ఒహాయో
1928 జనవరి 22, ఆదివారం

ఆరిన్‌కు,

పేరు ముందు ప్రేమ మాట ఏదో ఒకటి పెట్టాలని కలం పట్టుకుని కూర్చున్నాను. చెయ్యి రాలేదు. ఉత్త పేరుతోనే సరిపెడుతున్నాను.

నిన్న నీ కొత్త బొమ్మ చూశాం. నేనొక్కదాన్నే కాదు, మా క్లబ్బు క్లబ్బంతా వచ్చింది. రబ్బరు ఫ్యాక్టరీలో టైర్లు చేసే చెవిటివాళ్ళం శనివారం సాయంత్రం సినిమా హాల్లో ముందు వరసలన్నీ ఆక్రమిస్తామని నీకు తెలుసు. ఈసారి నీది పెద్ద వేషమని నువ్వే రాశావు. ఇన్నాళ్ళూ హీరో గుర్రం కళ్ళెం పట్టుకుని ఓ మూల నిలబడ్డవాడివి, మొదటిసారి నీ మొహం తెరంతా నిండుతుందన్నావు. నేనది పనిగట్టుకుని అందరికీ చెప్పుకున్నాను. నా పక్క బల్ల మీద పనిచేసే ఎమెట్ గ్రోవ్ నీ గౌరవార్థం కొత్త కాలరు పెట్టుకొచ్చాడు.

నిండింది నీ మొహం. హీరోకి దుర్మార్గుడైన అన్న వేషం నీది. చావుబతుకుల్లో ఉన్న తల్లి మంచం పక్కన నిలబడి నోరు తెరిచావు. చెవులున్నవాళ్ళకు తెర మీద అక్షరాలు వేశారు: "వీలునామా ఎక్కడ దాచావో చెప్పు, ముసలిదానా." మాకు ఆ అక్షరాలతో పనిలేదు. మేం పెదాలు చదువుతాం. నీ పెదాలు వీలునామా ఊసే ఎత్తలేదు.

నువ్వేమన్నావో మళ్ళీ రాసి నా చెయ్యి పాడుచేసుకోను. నా ముందు వరసవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి తిరిగి నన్ను చూసి, చటుక్కున తల తిప్పుకున్నారు. ఎవరో నా చెయ్యి పట్టుకుని నిమిరారు. ఆ జాలి చూస్తే నాకు తల కొట్టేసినట్టయింది. టోపీ సీట్లోనే వదిలేసి మంచులో నడిచి ఇంటికొచ్చాను.

అల్మరా మీద నుంచి నీ ఫోటో తీసేశాను. నాకు ఉత్తరాలు రాయకు.

వెర్నా
(అక్క అని సంతకం పెట్టలేదు, గమనించు.)


హాలీవుడ్
1928 జనవరి 30

కోపాల వెర్నా అక్కకు,

రాయకు అన్నావు కాబట్టే రాస్తున్నాను. చిన్నప్పటి నుంచి అంతే కదా మనం.

నిజం చెప్పనా, నీ ఉత్తరం చదివితే ముందు నవ్వొచ్చింది. బూతులు తిట్టాను, అంతేగా? ఆ బొమ్మలో సారాకొట్టు సీను ఉంది. అక్కడ గుర్రం నా కాలు తొక్కింది. గుర్రం కాలు తొక్కితే ఏ పెద్దమనిషయినా ఏమంటాడు? ఏ సీనులో ఏ తిట్టు పడిందో నాకే గుర్తులేదు. ఇక్కడ మేం కెమెరా ముందు ఏం మాట్లాడుతున్నామో పట్టించుకునే నాథుడే లేడు. పక్కన ఒకడు ఏడుపు రావడానికి వయొలిన్ వాయిస్తుంటాడు. డైరెక్టరు లాథ్రప్ గొట్టంలోంచి "ఇంకా కోపం, ఇంకా, నోరు ఆపకు" అని అరుస్తుంటాడు. కిందటేడు హీరోయిన్ ప్రేమ సీనులో చాకలికి వేసిన బట్టల పద్దు మొత్తం అప్పజెప్పింది. జనం కళ్ళు తుడుచుకున్నారు. మీ ముందు వరసలవాళ్ళను కొంచెం ఓర్చుకోమను. నటులు పాదిరీలు కారని చెప్పు.

అయినా అసలు కోపం అది కాదని నాకు తెలుసు. సెప్టెంబరులో అమ్మ పోయినప్పుడు నేను రాలేదు. నేను లేకుండా పాతిపెట్టారు. అది మనసులో పెట్టుకుని బొమ్మ మీద విరుచుకుపడుతున్నావు. రాలేకపోయాను వెర్నా. నా జన్మకి ఒక్క పెద్ద వేషం వచ్చింది. నేను రైలెక్కితే దాన్ని వేయడానికి స్టూడియో గేటు దగ్గర ఇంకొకడు సిద్ధంగా ఉన్నాడు.

కొత్త టోపీ కొనుక్కో. పాతది ఎలాగూ బాగాలేదు.

నీ తమ్ముడు
ఆరిన్


ఆక్రన్
1928 ఫిబ్రవరి 6

ఆరిన్,

నవ్వొచ్చిందా? అయితే ఇదిగో, ఇంకాస్త నవ్వు.

ఎవడి బూతులకూ మాకు కోపం రాదు. గుర్రాన్ని నువ్వు తిట్టిన తిట్టుకు మా వరసలన్నీ పడీపడీ నవ్వాయి. ఎమెట్ దాన్ని ఇప్పటికీ ఫ్యాక్టరీలో వాడుతున్నాడు. అమ్మ అంత్యక్రియల గురించి నేను ఒక్క ముక్కయినా రాశానా? నేనననిది నాకు అంటగట్టి, దానికి జవాబు చెప్పి, చేతులు దులుపుకున్నావు.

మంచం పక్కన నువ్వన్నది ఇది. ఒక్క మాట కూడా నేను కలపలేదు.

"చచ్చేటప్పుడైనా నా పేరు పిలిచావా? దాన్నే పిలిచావు. ఆ చెవిటిదానికి చెవులూ నేనే, నోరూ నేనే. దానివల్ల నాకు చిన్నతనమే లేకుండా పోయింది. ఆ జ్వరం దాని చెవులతో ఆగకుండా మొత్తంగా దాన్నే పట్టుకుపోయి ఉంటే మనమంతా సుఖంగా బతికేవాళ్ళం."

ఆరేళ్ళప్పుడు నాకొచ్చిన జ్వరం గురించి హాలీవుడ్‌లో కథలు రాసేవాళ్ళకు తెలిసే దారి లేదు. అది నీ సొంత మాట. పోనీ ఇంట్లో నా ఎదురుగా అన్నావా? లేదు. నలుగురు మనుషుల ఎత్తు మొహం వేసుకుని, మా వాళ్ళందరి ముందూ అన్నావు. నేను చచ్చి ఉంటే బాగుండేదని నా తమ్ముడు అంటుంటే హాల్లో పియానో వాయిస్తున్నారట. మాతో వచ్చిన పక్కింటి మిసెస్ క్రుమ్ చెప్పింది. మంచి పాటేనట.

ఇప్పుడు రాయి, నటులు పాదిరీలు కారని.

వెర్నా


హాలీవుడ్
1928 ఫిబ్రవరి 13

వెర్నా,

అది వేషం కోసం అన్న మాట అని రాయబోయాను. రెండు కాగితాలు చింపేశాను. నువ్వు తప్పు చదవలేదు. అన్నీ నా మాటలే.

నాకూ కోపం ఉంది. అది చల్లారడం లేదు, కనుక విను.

చెవిటి బడి నుంచి సెలవులకొచ్చి నువ్వు నాకు సైగలు నేర్పావు. అమ్మ నేర్చుకోలేదు. చేతులు తిప్పుతుంటే చూడ్డానికి బాగుండదంది. అంతే, ఆ రోజు నుంచి ఇంట్లో ప్రతి మాటా నా మీదుగానే నడిచింది. కసాయివాడితో బేరం నేను, పాదిరీగారి ప్రసంగం నేను, అమ్మ నీ మీద వేసే కేకలు నేను. నాన్న బతకడని డాక్టరు చెప్పినప్పుడు నీకు చెప్పమని అమ్మ నన్ను ముందుకు తోసింది. ఒక అరచెయ్యి వెల్లకిలా, ఒకటి బోర్లా చాపి, రెండింటినీ ఒకేసారి తిరగేస్తే అది చావుకు సైగ. నాన్న మంచం పక్కన నా చేతులతో నేనే చేశాను ఆ సైగ. నాకప్పటికి పదేళ్ళు. నాకు ఎవరు చెప్పారు? నేను ఏడవడానికి ఎవరైనా తీరిక ఇచ్చారా?

పాల వ్యాపారి ఫెల్ప్స్ కొడుకు నిన్ను చేసుకుంటానన్నప్పుడు వాళ్ళమ్మ వచ్చి మన వసారాలో కూర్చుంది. చెవిటి మనవలు తనకొద్దంది. అది నీకు చెప్పాల్సినవాణ్ణి నేను. వాళ్ళు ఊరు మారిపోతున్నారట అని చెప్పాను. ఆ రాత్రే బట్టలు మూటగట్టుకున్నాను. మర్నాడే నాటకాలవాళ్ళ బండి ఎక్కేశాను.

ఇక్కడ నన్ను ఎందుకు పెట్టుకుంటారో తెలుసా? నా మొహం మాట్లాడుతుందట. నన్ను ఎందుకు హీరోను చేయరో తెలుసా? నా మొహం మరీ ఎక్కువ మాట్లాడుతుందట. హీరో మొహం నిమ్మళంగా ఉండాలి. జనం తమకిష్టమైంది అందులో చూసుకోవాలి. నాకు ఈ మొహం మన భోజనాల బల్ల దగ్గర వచ్చింది, నీకోసం వచ్చింది. దానితోనే నౌకరు వేషాలు, తాగుబోతు వేషాలు, మొదటి అరగంటలో చచ్చేవాడి వేషాలు వేస్తూ తల నెరిసింది.

అమ్మ చివరిదాకా "వెర్నా, వెర్నా" అని పిలుస్తూ పోయిందని మిసెస్ క్రుమ్ రాసింది. ఆ ఉత్తరం జేబులో ఉండగానే లాథ్రప్ ఆ మంచం దగ్గర నిలబెట్టి, కోపం తెచ్చుకోమన్నాడు. తెచ్చుకునే పనిలేకపోయింది.

ఆరిన్


ఆక్రన్
1928 ఫిబ్రవరి 20

తమ్ముడూ,

తమ్ముడూ అన్నానని మెత్తబడ్డాననుకోకు. తిట్టడానికి వరస అడ్డం కాదు.

అమ్మ నన్ను పిలిచిన మాట నిజమే. ఎందుకో తెలుసా? దాహం వేసి. ఇంట్లో ఉన్నది నేను కాబట్టి. నేను గిన్నెలు కడుక్కుంటూ అటు తిరిగి ఉన్నాను. ఇన్నేళ్ళు నాతో ఉండి కూడా, పిలిస్తే నాకు వినబడదన్న సంగతి చివరి రోజు మర్చిపోయింది. మిసెస్ క్రుమ్ పరుగున వచ్చి నా భుజం తట్టింది. నేను గ్లాసు పట్టుకెళ్ళేసరికి అమ్మ లేదు. నీకు దీని మీదా అసూయా? తీసుకో. పూర్తిగా నువ్వే ఉంచుకో.

మిసెస్ ఫెల్ప్స్ వసారాలో కూర్చున్నప్పుడు నేను ఎదురుగానే ఉన్నాను. ఆవిడ పెద్ద పెద్ద పెదాలు. ప్రతి అక్షరం చదివాను. తరవాత నువ్వు నా మొహంలోకి చూసి, ఊరు మారిపోతున్నారని చేతులు తిప్పావు. నమ్మినట్టు తలూపాను. నిన్ను చూస్తే జాలేసింది. నువ్వు నన్ను మోస్తున్నానని అనుకున్న ఆ రోజు నిన్ను మోసింది నేను.

నా చెవులుగా ఉండమని నిన్ను ఎప్పుడైనా అడిగానా? అమ్మ అడిగింది. నువ్వుండగా ఆవిడ సైగలెందుకు నేర్చుకుంటుంది? ఆవిడ బతికుండగా ఆ మాట అడిగావా? అడగవు. అమ్మంటే భయం. చెవిటిదాన్ని తిట్టడం తేలిక, వినబడదు కదా.

ఇంకొకటి చెప్తాను, అది నీకు రుచించదు. నువ్వు వెళ్ళిపోయాక నేను బాగానే బతికాను. పలక మీద రాసి కసాయివాడితో నేనే బేరమాడాను. ఉద్యోగం తెచ్చుకున్నాను. స్నేహితులున్నారు. నువ్వు లేకపోతే నేను కూలిపోతానని, ఉంటే నువ్వు కూలిపోతావని అనుకుంటూ అక్కడ ఇన్నేళ్ళు పాడుచేసుకున్నది నువ్వే.

నీ బొమ్మలన్నీ చూశాను. పత్రికలవాళ్ళు నీ పేరు వేయలేదు, పోస్టరు మీద నీ పేరు లేదు. నువ్వు తెర మీద అన్న మాటలన్నీ విన్నది మేమొక్కళ్ళమే. అక్షరాల్లో "ప్రాణమిస్తాను దొరా" అని ఉంటే, నువ్వు హీరోతో "నీ నోరు ఉల్లిపాయల కంపు" అన్నావు. శవంగా పడుకుని కెమెరావాడితో "ఈగ, ఈగ" అన్నావు. ఒక పెళ్ళి సీనులో వెనక నిలబడి "ఆకలేస్తోంది" అన్నావు. ఆ రోజు నేను ఇంటికొచ్చి ఏడ్చాను. కెమెరా ముందు నువ్వు ఎప్పుడూ ఉన్నమాటే అంటావు ఆరిన్. అందుకే ఆ మంచం దగ్గర అన్నది అబద్ధమని నాకు నేను చెప్పుకోలేకపోతున్నాను. అదీ నా కోపం.

వెర్నా


హాలీవుడ్
1928 మార్చి 12

అక్కా,

నీ ఉత్తరానికి ఐదుసార్లు జవాబు మొదలుపెట్టాను. ప్రతిసారీ దెబ్బలాటలోకే దిగుతోంది. ఉల్లిపాయల సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు, ఆ హీరో ఇంకా పని చేస్తున్నాడు.

వేసవి చివర ఒక బొమ్మ వస్తుంది. అందులో కోర్టు సీను. నేను జడ్జి వెనక నిలబడే బంట్రోతును. జనం గోల చేస్తే ముందుకొచ్చి, నిశ్శబ్దం అని అరవాలి. ఒకే ఒక్కసారి నా మొహం దగ్గరగా చూపిస్తారు. క్లబ్బువాళ్ళను కూడా తీసుకెళ్ళు. అందరి ముందూ అన్నదానికి అందరి ముందూ జవాబు ఉండాలి. కాగితం మీద పెట్టలేనిది అక్కడ అన్నాను.

చూశాక రాయి. అప్పటిదాకా నేను నోరెత్తను.

ఆరిన్


ఆక్రన్
1928 ఆగస్టు 26, ఆదివారం

ఆరిన్,

నిన్న వెళ్ళాం. నువ్వు చెప్పినట్టే అందరినీ తీసుకెళ్ళాను. పాపం, ఎమెట్ మళ్ళీ ఆ కాలరే పెట్టుకున్నాడు.

అక్షరాల్లో "నిశ్శబ్దం" అని పడింది. నీ పెదాలు "అక్కా, జ్వరం గురించి అన్నది పాపిష్టి మాట, నన్ను క్షమించు" అన్నాయి. మా వరసలన్నీ లేచి నిలబడి చేతిరుమాళ్ళు ఊపాయి. మా చప్పట్లు అవే. ఆడవాళ్ళు నన్ను కావలించుకున్నారు. అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. నాకు మాత్రం జనవరిలో కన్నా ఎక్కువ మండింది.

ఎందుకో రాస్తాను, నీ అంతట నీకు తట్టదు. నువ్వు తిట్టినప్పుడు నేను చూస్తానన్న ధ్యాస నీకు లేదు. అందుకే అది నిజం. ఈసారి నేను ముందు వరసలో ఉంటానని తెలిసి అన్నావు. గడ్డం ఎంత పైకెత్తాలో చూసుకున్నావు. దీపాలు కంట్లో ఎక్కడ మెరుస్తాయో చూసుకున్నావు. క్షమించు అన్నాక ఒక క్షణం ఆగావు, మేం ఏడవడానికి. అంతమంది నటుల మధ్య నువ్వొక్కడివే నటించకుండా నిలబడతావని నేను గర్వపడేదాన్ని. నిన్న నా తమ్ముడు నటించడం మొదటిసారి చూశాను.

బంట్రోతు బట్టలు వేసుకుని, స్టూడియో కూలి పుచ్చుకుంటూ నాకు క్షమాపణ చెప్పావు. మా వాళ్ళకది పండగ. నేను చేతిరుమాలు ఊపకపోతే, మనసు రాయి చేసుకున్నానన్నారు. రెండుసార్లు నన్ను వాళ్ళ ముందు పెట్టావు. రెండుసార్లూ నేను ఏమీ అనలేని చోట కూర్చుని ఉన్నాను. తెరతో నేనెలా పోట్లాడను? దానికి నా చేతులు కనబడవు.

వెర్నా


హాలీవుడ్
1928 సెప్టెంబరు 8

వెర్నా,

నువ్వు రాసింది నిజం. గడ్డం సంగతి కూడా నిజం. చదివి ఆ కాగితాన్ని నేలకేసి కొట్టాను. మళ్ళీ తీసి చదివాను. మళ్ళీ కొట్టాను.

ఇక నువ్వు నా నటన చూసే బాధ లేదులే. ఇక్కడ బొమ్మలకు మాటలొస్తున్నాయి. అందరికీ గొంతు పరీక్ష పెడుతున్నారు. మొన్న నన్ను పిలిచారు. శబ్దం రికార్డు చేసే కుర్రవాడు నా ముందు ఒక మైకు వేలాడదీసి, దొరా బండి సిద్ధంగా ఉంది అని చెప్పమన్నాడు. చెప్పాను. పదిసార్లు చెప్పించాడు. గొంతు బాగానే ఉందట. నోరే బాగాలేదట. ప్రతి అక్షరాన్నీ పెదాలతో విడివిడిగా పట్టి చూపిస్తున్నానట, చూడ్డానికి కోతి చేష్టలా ఉందట.

"ఎవరికి చెప్తున్నావయ్యా, చెవిటివాళ్ళకా?" అన్నాడు.

"అవును," అన్నాను. టోపీ పెట్టుకుని బయటికొచ్చేశాను. గేటు దగ్గర ముసలి కాపలావాడికి తప్ప నేను వెళ్ళిపోతున్నట్టు ఎవరికీ తెలియలేదు. పదిహేనేళ్ళు చేశాను అక్కడ.

ఒళ్ళంతా మంటగా ఉంది వెర్నా. వాళ్ళ మీద, నీ మీద, అమ్మ మీద. ఈ మాటల బొమ్మలొచ్చాక మీ ముందు వరసలకు కూడా ఏమీ మిగలదు. నటులు మైకు వైపు తిరిగి గొణుగుతారు, అక్షరాలు వేయరు. మనిద్దరినీ ఒకేసారి బయటికి తోశారు.

ఈ నెల 22న రైలెక్కుతున్నాను. క్షమాపణ చెప్పడానికి కాదు. జ్వరం మాట ఒక్కటే నేను వెనక్కి తీసుకునేది. మిగతా వాటిలో ఒక్కటీ తీసుకోను. అవన్నీ నీ ఎదురుగా నిలబడి అనాలి. నువ్వూ అనాలి. సైగలు సగం మర్చిపోయాను. వేళ్ళు మొద్దుబారాయి. తప్పు పోతే నవ్వకు, నాకు ఇంకా కోపం వస్తుంది.

ఆరిన్


ఆక్రన్
1928 సెప్టెంబరు 14

తమ్ముడూ,

రా. నవ్వనని మాటివ్వను.

నిన్ను స్టేషన్లోనే ఒకటి తగిలిస్తానని ఎమెట్ అంటున్నాడు. నా పని అయ్యేదాకా ఆగమన్నాను. మిసెస్ క్రుమ్ వస్తానంటే వద్దన్నాను. ఈసారి చూసేవాళ్ళెవరూ ఉండరు. పంది మాంసం, పులిసిన క్యాబేజీ చేసి ఉంచుతాను. ముందు తిను, ఖాళీ కడుపుతో నువ్వు సరిగ్గా పోట్లాడలేవు.

నీ రైలు చీకటిపడ్డాక చేరుతుంది. వంటింట్లో పెద్ద బల్బు పెట్టించాను. కోపమొచ్చి దీపం మాత్రం ఆర్పకు. చీకట్లో నీ తిట్లు నాకు వినబడవు.

అక్క